మూడు పెద్దదా, రెండుకు లోపు పెద్దదా?

ఇవాళ నేను చెప్పబోయేది ఆవకాయ గురించీ కాదు, పసిపిల్లల దగ్గు గురించీ కాదు. కంప్యూటరు పెట్టె లోపల, ఫ్యాను కింద దాక్కుని వుండే ప్రాసెసరు అనే చదరపు బిళ్ళ గురించి. "ఆ గొడవ మనకెందుకమ్మా, మగవాళ్ళూ పిల్లలూ చూసుకుంటారు" అని పేజీ తిప్పెయ్యకండి. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అనుకున్నందుకు చీటీ డబ్బు పోసి నేర్చుకోవలసి వచ్చింది.

2007లో మాట. మా పెద్దమ్మాయి ఇంజనీరింగులో చేరింది. ఇంట్లో కంప్యూటరు లేకపోతే జరగదన్నారు. రెండేళ్ళుగా కడుతున్న చీటీ పాడేసి, ఆ డబ్బు పర్సులో పెట్టుకుని, నేనూ అమ్మాయీ ఒక దుకాణానికి వెళ్ళాం. మా వారు క్యాంపులో వున్నారు. దుకాణంలో కుర్రాడు రెండు పెట్టెలు చూపించాడు. ఒకదాని మీద "పెంటియం 4, 3.0 గిగాహెర్ట్జ్" అని కాగితం అంటించి వుంది. రెండోదాని మీద "కోర్ 2 డుయో, 1.86 గిగాహెర్ట్జ్" అని. విచిత్రమేమిటంటే, మూడు అని రాసి వున్నదే చవక! "చూడండి మేడమ్, ఇది మూడు. అది రెండు కూడా లేదు. ఆలోచించటానికి ఏముంది?" అన్నాడు కుర్రాడు. నిజమే కదా, మూడు కిలోల కందిపప్పు తక్కువకు వస్తూ వుంటే, రెండు కిలోలు కూడా తూగనిదాన్ని ఎక్కువ పెట్టి ఎవరు కొంటారు? మూడే తెచ్చుకున్నాం.

అదే నెలలో విజయవాడలో మా తోడికోడలు ఆ రెండోది కొన్నది. "అయ్యో, ఎక్కువ పెట్టి తక్కువది తెచ్చుకున్నావేమిటే!" అని ఫోనులో నేను జాలిపడ్డాను కూడాను. మర్నాటి సంవత్సరం ఆవిడ ఇంటికి వెళ్ళి, మా ఇంట్లో రాత్రంతా సాగిన పెళ్ళి వీడియో మార్పిడి ఆవిడ పెట్టె మీద భోజనాలు ముగిసేలోపల అయిపోవటం చూసినప్పుడు, జాలి పడవలసింది ఎవరి మీదో తెలిసింది.

దుకాణం కుర్రాడు అబద్ధం ఆడాడని నేను అనను. కాగితం మీది అంకె నిజమే. ఆ అంకె చెప్పేది ఒకటి, నేను అర్థం చేసుకున్నది ఇంకొకటి. తరవాత మా తమ్ముడు నాలుగైదు సాయంత్రాలు కూర్చోబెట్టి విడమరచి చెప్తే, ఇదంతా మన వంటింటి వ్యవహారమేనని తెలిసింది. అదే మీకూ చెప్తాను.

ముందు ఆ గిగాహెర్ట్జ్ సంగతి. ప్రాసెసరు లోపల ఒక తాళం పడుతూ వుంటుంది. ప్రతి తాళానికీ బిళ్ళ ఒక అడుగు వేస్తుంది. 3.0 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 300 కోట్ల తాళాలు. 1.86 అంటే సెకనుకు 186 కోట్లు. అంతవరకే. ఒక్కొక్క తాళానికి ఎంత పని జరిగిందో ఆ అంకె చెప్పదు. పప్పు గరిట పట్టుకుని నిమిషానికి ముప్ఫైసార్లు చెయ్యి ఆడించే మనిషి వుంది, పద్దెనిమిదిసార్లు ఆడించే మనిషి వుంది. పంక్తిలో ఎవరు ముందు వడ్డించారని అడిగితే, గరిట ఎంత పెద్దదో చూడకుండా చెప్పగలమా?

మరి గరిట అంత చిన్నది ఎందుకు చేశారు? ఇక్కడే అసలు కథ వున్నది. ఇది తయారుచేసింది అమెరికాలోని ఇంటెల్ కంపెనీ. వాళ్ళు మొదటి పెంటియం 4ను 2000 నవంబరులో 1.5 గిగాహెర్ట్జ్‌తోనూ, దానికన్నా కాస్త తక్కువతోనూ అమ్మకానికి పెట్టారు. ఆ రోజుల్లో ప్రపంచమంతా మా కుర్రాడి లాగానే ఆలోచించేది. ఎవరి డబ్బా మీద గిగాహెర్ట్జ్ ఎక్కువ వుంటే వాళ్ళ సరుకే మేలు. అంచేత తాళం వేగంగా పడాలి, ఇంకా వేగంగా పడాలి అన్న పట్టుదలతోనే ఆ బిళ్ళను గీశారు.

తాళం వేగంగా పడాలంటే ఏం చెయ్యాలి? మనం అప్పడాలు చేసుకునే రోజు గుర్తుకు తెచ్చుకోండి. నలుగురం వరసగా కూర్చుంటాం. ఒకరు పిండి దంచి ఇస్తారు, ఒకరు ఉండలు చేస్తారు, ఒకరు ఒత్తుతారు, ఒకరు తీసుకెళ్ళి ఎండలో పరుస్తారు. వరసలో అందరికన్నా ఎక్కువసేపు పట్టేది ఒత్తటం కాబట్టి, అందరూ ఆవిడ చేతికోసం ఆగాలి. ఒత్తే పనిని ఇద్దరికి పంచి, ఒకరు సగం ఒత్తి ఇంకొకరికి అందిస్తే? తాళం వేగం పుంజుకుంటుంది. ఇలా ప్రతి పనినీ ముక్కలు చేసుకుంటూ పోతే వరస పొడుగవుతుంది, ఒక్కొక్కరి పని చిన్నదవుతుంది, చేతులు చకచకా ఆడతాయి. దీన్నే వాళ్ళు పైపులైను అంటారు. మొదటి పెంటియం 4లో ఈ వరసలో 20 మెట్లు వున్నాయి. 2004లో వచ్చిన రకంలో, అంటే నేను కొన్న 530 నంబరు దాంట్లో, 31 మెట్లు. మా తోడికోడలు కొన్న కోర్ 2 డుయో, ఇ6300 నంబరు, 2006 జులైలో వచ్చింది. దాంట్లో 14 మెట్లే.

పొడుగు వరసలో తప్పేముంది అంటారా? అంతా సవ్యంగా సాగుతున్నంతసేపూ ఏమీ లేదు. కాని కంప్యూటరు చేసే పనుల్లో అడుగడుగునా ఒక మెలిక వుంటుంది: "ఇలా అయితే అది చెయ్యి, కాకపోతే ఇది చెయ్యి" అని. వియ్యాలవారు మిరియాల అప్పడాలు అడుగుతారో, ఇంగువ అప్పడాలు అడుగుతారో ఇంకా కబురు రాలేదు. వచ్చేదాకా పది మంది చేతులు ముడుచుకుని కూర్చోలేరు కదా! "ఎప్పుడూ మిరియాలవే అడుగుతారు" అని ఊహించి మొదలుపెట్టేస్తాం. ప్రాసెసరూ అచ్చంగా అలాగే, వెనకటి అలవాటును బట్టి ఊహించి పని సాగిస్తుంది. చాలాసార్లు ఊహ నిజమవుతుంది. కాని ఒక్కసారి తప్పితే, వరసలో ఎంతమంది చేతుల్లో ఎంత పిండి వుంటే అంతా పక్కన పారేసి, మళ్ళీ మొదటి మనిషి దగ్గరనుంచి మొదలుపెట్టాలి. 14 మంది వరసకు పోయేది 14 చేతుల పని. 31 మంది వరసకు పోయేది 31 చేతుల పని.

"తాళం వేగం కదా, తొందరగా నింపుకుంటుందిలే" అని మా అమ్మాయి అన్నది. తమ్ముడు కాగితం తీసి లెక్క వేశాడు. మూడు గిగాహెర్ట్జ్‌లో ఒక తాళానికి పట్టేది సెకనులో వందకోట్లవ వంతులో మూడోవంతు. 31 తాళాలకు అలాంటి వందకోట్లవ వంతులు పది దాటుతాయి. 1.86లో ఒక తాళానికి సగం కన్నా కొంచెం ఎక్కువ, 14 తాళాలకు ఏడున్నర. అంటే, ఊహ తప్పినప్పుడు కాలం లెక్కన చూసినా, వేగంగా చెయ్యాడించేవాళ్ళే ఎక్కువ పోగొట్టుకుంటున్నారన్న మాట. ఇది సెకనులో కోట్లసార్లు ఎదురయ్యే మెలిక అని మరిచిపోకండి.

ఇహ గరిట సైజు. పెంటియం 4 ఒక్కొక్క తాళానికి మహా అయితే మూడు చిన్న పనులు ముగించగలదు. కోర్ 2 నాలుగు ముగించగలదు. లెక్కలు బాగా వచ్చిన చెల్లెళ్ళు వెంటనే అడుగుతారు: మూడు మూళ్ళు తొమ్మిది, అంటే 900 కోట్లు. 186 నాలుగులు 744 కోట్లే కదా, అప్పటికీ పెంటియమే గెలిచింది కదా అని. మంచి ప్రశ్న. నేనూ అడిగాను. కాని ఈ అంకెలు ప్రతిసారీ గరిట నిండుగా వచ్చినప్పటి మాట. ఏ ప్రాసెసరుకూ ప్రతి తాళానికీ గరిట నిండదు. సరుకు చేతికి అందాలి, ఊహ తప్పకూడదు, ముందు పని తేలితేగాని వెనక పని మొదలవదు. ఎవరు గరిటను ఎంత నింపి తెస్తున్నారన్నదే ముఖ్యం. పెంటియం 4 గరిట సగం ఖాళీగా వచ్చిన తాళాలే ఎక్కువ. కోర్ 2 అలా కాదు. పైగా దాంట్లో వంటమనిషి ఒకరు కాదు, ఇద్దరు. డుయో అన్న మాటకు అర్థం అదే. ఆ ఇద్దరిలో ఒక్కరిని తీసుకున్నా నా మూడు గిగాహెర్ట్జ్ దానికి తీసిపోలేదు, చాలా పనుల్లో మించింది. ఇద్దరూ కలిస్తే చెప్పేదేముంది?

ఇద్దరున్నారు కదా అని ప్రతి పనీ సగం కాలంలో అయిపోతుందనుకోకండి. ఒక దోసెను ఇద్దరు కలిసి కాల్చినా అది రెండింతలు తొందరగా కాలదు. ఒకరు దోసెలు పోస్తూ వుంటే ఇంకొకరు పచ్చడి రుబ్బుతారు, అదీ లాభం. పాట వింటూ, ఉత్తరం టైపు చేస్తూ, వెనక వైరసు తనిఖీ నడుస్తూ వుంటే, అప్పుడు తెలుస్తుంది ఇద్దరున్న ఇంటి సుఖం. నా పెంటియంలో "హైపర్ థ్రెడింగు" అని ఒక ఏర్పాటు వుండేది. ఉన్న ఒక్క మనిషే, ఒక పొయ్యి మీద పాలు కాగేలోపల ఇంకో పొయ్యి మీద పోపు వేయటం లాంటిది. కొంత ఉపయోగం లేకపోలేదు. కాని చేతులు రెండే కదా.

పోపుల పెట్టె మాట కూడా చెప్పాలి. పోపు పెట్టేటప్పుడు ఆవాలు చేతికి అందాలి. సామాన్ల గదిలోకి వెళ్ళి డబ్బా మూత తీసి తెచ్చేసరికి నూనె మాడిపోతుంది. వీధి చివర దుకాణానికి పరిగెత్తాలంటే ఇహ చెప్పక్కర్లేదు. కంప్యూటరులో దుకాణం అంటే డిస్కు, సామాన్ల గది అంటే మెమరీ, పోపుల పెట్టె అంటే ప్రాసెసరు లోపలే వుండే కేష్ అనే చిన్న నిలవ. 530లో ఈ పెట్టె ఒక మెగాబైటు. ఇ6300లో రెండు మెగాబైట్లు, ఇద్దరు వంటమనుషుల మధ్యా ఉమ్మడిగా. ఒకరు ఏమీ చెయ్యకుండా కూర్చుంటే పెట్టె మొత్తం రెండోవారే వాడుకోవచ్చు. సామాన్ల గదికి పోయే నడవా కూడా కొత్తదాంట్లో వెడల్పు: పాతదానిది 800 అయితే కొత్తదానిది 1066. చెయ్యి ఎంత చకచకా ఆడితే ఏం లాభం, ఆవాలు ఇంకా దారిలో వుంటే?

వేడి సంగతికి వస్తాను. నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది అదే. మా ఇల్లు మూడో అంతస్తు, పైన ఎండ పడే డాబా. మే నెలలో మధ్యాహ్నం అమ్మాయి ఆ పెట్టె ముందు కూర్చుంటే లోపలి ఫ్యాను తడిపిండి గ్రైండరు లాగా రొద పెట్టేది. పెట్టె వెనక చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టె దగ్గర పెట్టినట్టుండేది. "పిల్ల కాళ్ళ దగ్గర కుంపటి పెట్టావేమిటే" అనేవారు మా అత్తయ్యగారు. తాళం వేగం పెంచిన కొద్దీ వేడి పెరుగుతుంది, ఆ వేగాన్ని నిలబెట్టటానికి కరెంటు ఒత్తిడి కూడా ఎక్కువ ఇవ్వాలి, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. కంపెనీవారి లెక్కలో 530 విడిచే వేడికి 84 వాట్ల చల్లదనపు ఏర్పాటు కావాలి. ఇ6300కు 65 వాట్లు చాలు, అదీ ఇద్దరు వంటమనుషులకు కలిపి!

కరెంటు బిల్లు భయం మాత్రం అంత వద్దు. రెండింటికీ తేడా 19 వాట్లు. రోజుకు నాలుగు గంటలు పూర్తి బరువుతో నడిచినా నెలకు రెండు యూనిట్ల పైచిలుకు తేలుతుంది. ఆ రోజుల్లో వున్న గాజు బుడ్డి మానిటరే అంతకన్నా ఎక్కువ తినేది. బిల్లు కన్నా రొద, ఉక్క, దుమ్ము పట్టి ఫ్యాను ఆగిపోవటం, ఎండాకాలంలో నడుస్తూ నడుస్తూ పెట్టె తనంతట తనే ఆరిపోవటం, ఇవీ మా కష్టాలు. అమ్మాయి రెండో ఏడాది రికార్డు మూడొంతులు రాసి, దాచుకోకుండా వుండగా ఒక మధ్యాహ్నం అలాగే ఆరిపోయింది. ఆ రోజు అది ఏడవటమూ, నేను మజ్జిగ పట్టుకుని పక్కన నిలబడటమూ నాకింకా గుర్తు. మూడు అన్న అంకెను చూసి ముచ్చటపడింది నేను కదా!

కంపెనీవారికి కూడా ఈ వేడి దగ్గరే చుక్కెదురైంది. పది గిగాహెర్ట్జ్ దాకా పోదామని కలగన్నవాళ్ళు, 2004లో 3.8 దగ్గర ఆగిపోయారు. నాలుగు గిగాహెర్ట్జ్‌ది తెస్తామని చెప్పి, ఆ ఏడాది అక్టోబరులో మానుకున్నారు. అప్పటి అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సభలో వేదిక మీద మోకాళ్ళ మీద కూర్చుని, నవ్వులాటకే అయినా, క్షమించమన్నాడు. అదే ఏడాది గిగాహెర్ట్జ్ గొప్ప చెప్పుకోవటం తగ్గించి, 530 లాంటి నంబర్లు పెట్టటం మొదలుపెట్టారు. నేను కొనేనాటికి ఇదంతా జరిగి మూడేళ్ళు కావస్తోంది. మా వీధి దుకాణానికి మాత్రం ఆ కబురు చేరలేదు కాబోలు.

మరి కొత్తది ఎక్కడనుంచి వచ్చింది? ఇజ్రాయెల్ దేశంలో హైఫా అనే వూళ్ళో వాళ్ళకొక శాఖ వుంది. అక్కడివాళ్ళు బ్యాటరీ మీద నడిచే ఒళ్ళో కంప్యూటర్లకోసం 2003లో పెంటియం ఎం అనే బిళ్ళ చేశారు. బ్యాటరీ కదా, పొదుపుగా వుండాలి. అంచేత పెంటియం 4 పద్ధతి పక్కన పెట్టి, అంతకు ముందటి పెంటియం 3 వంశాన్ని, అంటే 1995లో వచ్చిన పెంటియం ప్రో నాటి పాత పద్ధతిని తీసుకుని మెరుగులు దిద్దారు. ఆ దారిలోనే నడిచి కోర్ 2ను కూడా వాళ్ళే తీర్చిదిద్దారు. 2006లో దాన్ని విడుదల చేసేటప్పుడు, తమ పెంటియం డి రకంలో మేటిదాని కన్నా ఇది 40 శాతం ఎక్కువ పని చేస్తుందని ఇంటెల్ వారే చాటారు. కోడలి కొత్త వంటకం కన్నా అమ్మమ్మ పెట్టిన పులుసే రుచి అన్నట్టయింది.

ఇంకొక దెబ్బ కూడా తిన్నాను, అది మీరు తినకండి. 2009లో "పెట్టె మార్చక్కర్లేదు, లోపలి బిళ్ళ ఒక్కటీ మారిస్తే చాలు, రెండూ ఒకే సాకెట్టు" అని ఎవరో సలహా ఇచ్చారు. మాట నిజమే, 530కీ ఇ6300కీ సాకెట్టు ఒకటే, 775 కాళ్ళది. బిళ్ళ తెచ్చి పెట్టాం. కూర్చోవటం కూర్చుంది, కాని తెర మీద ఒక్క అక్షరం రాలేదు. కుక్కరు మూత సరిగ్గా పట్టినంతమాత్రాన గాస్కెట్టు సరిపోయిందని కాదు గదా! కరెంటు అందించే పద్ధతి, మదరుబోర్డు చిప్‌సెట్టు, దాని బయాస్ మూడూ ఒప్పుకోవాలి. మాది 915 రకం చిప్‌సెట్టు బోర్డు, కోర్ 2 సంగతి తెలియని కాలంలో పుట్టింది. మీరెప్పుడైనా ఏ కంప్యూటరుకైనా భాగం మారిస్తే, సాకెట్టు పేరు కాదు, మీ బోర్డు తయారుచేసినవారు ఇచ్చిన జాబితాలో ఆ ప్రాసెసరు నంబరు వుందో లేదో చూసి కొనండి. తిరిగి తీసుకుంటారా అని కూడా ముందే అడగండి. మాది తీసుకోలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న సంక్రాంతికి అటక దింపితే నా పెట్టె బయటపడింది. మా తోడికోడలూ ఈ మధ్య ఇల్లు మారుతూ ఆవిడ పెట్టెను మా ఇంట్లోనే పడేసింది. "అక్కా, పారెయ్యటానికి మనసొప్పటం లేదు, వీటికింకేమైనా జీవం వుందంటావా?" అని అడిగింది. మీ ఇళ్ళలోనూ ఇలాంటివి వుండే వుంటాయి.

బ్యాంకు పనులకు మాత్రం ఏదీ వద్దు. వాటిలో వున్న విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనూ, విండోస్ 7కు 2020 జనవరి 14తోనూ మరమ్మతులు ఆగిపోయాయి. విండోస్ 10 మామూలు మద్దతు కూడా 2025 అక్టోబరు 14న ముగిసింది. 11 ఈ రెండింటికీ పనికిరాదు. తాళం లేని బీరువాలో నగలు పెట్టుకున్నట్టే. కాని ఈ రెండు పెట్టెలకూ తేడా ఇక్కడ కూడా వుంది. 530కి వచ్చింది 32 బిట్ల లెక్కే. ఇ6300కి 64 బిట్లు వచ్చు. ఉచితంగా దొరికే లినక్స్ రకాల్లో పేరున్న ఉబుంటు లాంటివి 32 బిట్ల వాటికి కొత్త విడుదలలు మానేశాయి. అంచేత మా తోడికోడలు పెట్టెకు పాత డిస్కు తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ పెట్టి, మెమరీ నాలుగు జీబీ చేసి, తేలికపాటి లినక్స్ వేశాడు తమ్ముడు. బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ చచ్చిపోయి గడియారం వెనక్కి పోతూ వుంటే అదీ మార్చాడు. ప్రాసెసరు మీద ఎండి పెచ్చులు కట్టిన పేస్టు తుడిచి కొత్తది రాశాడు. ఇప్పుడు మా మనవడు దాని మీద తెలుగు టైపు నేర్చుకుంటున్నాడు, నేను పాటలు వింటున్నాను. పెద్ద వీడియోలు చూపించమంటే ఆయాసపడుతుంది, అడగం.

నా మూడు గిగాహెర్ట్జ్ దాన్ని ఇచ్చెయ్యటానికే నిశ్చయించుకున్నాం. పాత కాగితాలవాడు తూకానికి అడిగాడు గాని ఇవ్వలేదు. వీటిలో సీసం వంటివి వుంటాయి, తగలబెట్టి రాగి తీసే చోటికి పోతే ఆ పొగ పీల్చేది అక్కడి పసిపిల్లలే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదయిన రీసైక్లింగు వారికి ఇవ్వటం మంచిది. కాని ఇచ్చేముందు హార్డ్ డిస్కు విప్పి తీసుకోండి, ఇది గట్టిగా చెప్తున్నాను. "డిలీట్ చేశాం" అంటే పోయినట్టు కాదు, తెలిసినవాళ్ళు బయటికి తియ్యగలరు. మాదాన్ని యూఎస్‌బీ అడాప్టరుతో తగిలించి చూస్తే మా అత్తయ్యగారు తులసికోట దగ్గర నిలబడిన ఫొటోలు పదకొండు దొరికాయి. అవి మా దగ్గర ఇంకెక్కడా లేవు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

ఫొటోలు రెండు చోట్ల దాచి, డిస్కును బీరువాలో పెట్టాం. పెట్టెను తీసుకెళ్ళేవాళ్ళు శనివారం వస్తామన్నారు. 530 బిళ్ళను మాత్రం మనవడు ఊడదీయించుకుని పుస్తకాల సంచీలో వేసుకున్నాడు. దాని అడుగున సూదులుండవు, బంగారు పూత చుక్కలు బారులు బారులుగా వుంటాయి. 775 వున్నాయో లేదో లెక్కపెడతానని కూర్చుని, రెండు వందల దగ్గర తప్పుతున్నాడు, మళ్ళీ మొదలుపెడుతున్నాడు.